గుడ్డ కప్పిన టీవీ

కెజియా బాధంతా ఒక్కటే. శాక్సోఫోన్ ఎంత బాగా వాయించినా మిస్ "ఊఁ" అని ఊరుకుంటోంది.

ఆదివారం సాయంత్రం టీవీలో లైవ్ కార్యక్రమం. సికింద్రాబాద్‌లో చర్చి బ్యాండుతో పెళ్లిళ్లకు వాయించుకునే పిల్లకు అలాంటి పిలుపు రావడం చిన్న విషయం కాదు. ఆడపిల్ల చేతిలో శాక్సోఫోన్ అంటే టీవీవాళ్లకు ఏనుగు సైకిల్ తొక్కినంత వింత. అందుకే పిలిచారు. ఆ సంగతి కెజియాకు తెలుసు. తెలిసే, వాళ్ల నోళ్లు మూయించాలని పంతం పట్టింది.

పంతానికి తగ్గ సాధనే చేసింది. జాజ్ సంగీతం మీద ఎప్పుడో తీసిన నలుపు తెలుపు డాక్యుమెంటరీ ఒకటి సంపాదించింది. అందులో ఒక పెద్దాయన స్టూడియోలో నిలబడి శాక్సోఫోన్ వాయిస్తాడు. ముఖం నిండా వెలుగు, నుదుటి మీద చెమట. జాజ్‌లో పాట మధ్యన, వాయించేవాళ్లు అప్పటికప్పుడు మనసుకు తోచినట్టు అల్లుకుంటూ పోయే భాగం ఒకటుంటుంది. ఆ పూట ఆయన అల్లినదంతా కెజియా కంఠతా పట్టేసింది. ఆయన ఊపిరి తీసిన చోటే ఊపిరి. కళ్లు మూసిన చోటే కళ్లు మూత.

శుక్రవారం మిస్ ఇంటికొచ్చి అదంతా వాయించి వినిపించింది. మిస్ అంటే ఎస్మీ రొజారియో. లాలాగూడలో పియానో నేర్పే ఆంగ్లో ఇండియన్ ముసలావిడ. వయసులో ఉన్నప్పుడు క్లబ్బుల్లో జాజ్ బ్యాండుకు వాయించేది. ఆదివారం కెజియా వెనక కీబోర్డు దగ్గర కూర్చోబోయేదీ ఆవిడే.

"ఊఁ," అంది మిస్.

కెజియాకు ఒళ్లు మండింది. "ఎక్కడైనా ఒక్క స్వరం తప్పిందా మిస్? కావాలంటే ఫిల్ము పెడతాను, మీరే చూడండి."

"పెట్టు."

ఫోను టీవీకి కలిపింది. పెద్దాయన ముఖం తెర నిండా వచ్చింది. మిస్ లేచి, కుర్చీ మీద ఆరేసిన తువ్వాలు తీసి టీవీ మీద కప్పేసింది.

"అదేంటి మిస్, చూద్దామంటే?"

"చూసింది చాల్లే. విను."

కెజియా విసుక్కుంటూ విన్నది. పెద్దాయన తప్ప ఏమీ వినిపించలేదు. మిస్ మళ్లీ పెట్టించింది. ఈసారి ఆయన ఊపిరి తీసుకునే సందులో ఇంకేదో వినపడింది. పియానో. చిన్నగా, కాస్త వెటకారంగా, ఏదో అడుగుతోంది. ఆయన దానికి జవాబు చెప్పాడు. మళ్లీ అడిగింది. మళ్లీ చెప్పాడు. ఒకచోట ఆయన తడబడితే అదే చెయ్యిపట్టి దాటించింది.

కెజియా నిటారుగా కూర్చుంది. "ఎవరు మిస్, ఆ పియానో?"

"తువ్వాలు తీసి వెతుక్కో."

వెతికింది. ఫిల్మంతా పెద్దాయనే. ఆయన వేళ్లు, ఆయన చెమట, ఆఖరికి ఆయన బూట్లు. ఒకే ఒక్కచోట ఆయన భుజం పక్క నుంచి ఒక చెయ్యి కనపడింది. గౌను చెయ్యి, మణికట్టుకు సన్నటి ఆడవాళ్ల గడియారం. చివర్లో లైట్లు సర్దినాయన పేరు కూడా పడింది. ఆవిడ పేరు పడలేదు.

"మీరూ ఒకప్పుడు టీవీలో వాయించారటగా మిస్. మీరైనా కనిపించారా?"

"కనిపించకేం. క్రోటన్ కుండీ వెనక. నేను గట్టిగా వాయించినప్పుడల్లా ఆకులు ఊగేవి. మా మమ్మీ ఆ ఆకుల్ని చూసే మురిసిపోయింది."

అని, పియానో ముందు కూర్చుని ఫిల్ములోని ప్రశ్న వాయించింది. కెజియా జవాబు వాయించింది, అచ్చు పెద్దాయనలాగే. మిస్ ప్రశ్న మార్చింది. కెజియా దగ్గర్నుంచి మళ్లీ అదే జవాబు.

"అన్నం తిన్నావా అని నేనడుగుతుంటే, మా అత్త గుంటూరు వెళ్లింది అంటావేం పిల్లా?"

కెజియా తల దించుకుంది. "మరి ఆదివారం మీరేం అడుగుతారు?"

"నాకూ అప్పుడే తెలుస్తుంది," అంది మిస్.

ఆదివారం స్టూడియోలో ప్రొడ్యూసర్ కిరీటి కెజియాను దీపాల నడుమ నిలబెట్టాడు. "రిహార్సల్లో వాయించిందే వాయించమ్మా. కెమెరాకేసి చూస్తూ, కాస్త నవ్వుతూ. ఆంటీ, మీరు అట్లా వెనక్కి సర్దుకోండి."

పాట మొదలైంది. అల్లుకునే భాగం రాగానే కెజియా వేళ్లు అలవాటు కొద్దీ పెద్దాయన దారి పట్టాయి. ఊపిరి తీసుకునే చోటు వచ్చింది. అక్కడ మిస్, కెజియా ఎన్నడూ వినని ప్రశ్న ఒకటి వేసింది. తొక్కుడు బిళ్లాటలో పిల్ల గెంతినట్టు, వంకర టింకరగా. వేసి, చేతులు ఒళ్లో పెట్టుకుంది.

లైవ్‌లో నిశ్శబ్దం. కంఠతా పట్టిన జవాబు వేళ్ల చివర సిద్ధంగా ఉంది. అది వాయించేస్తే ఈ స్టూడియోలో ఎవడూ కనిపెట్టలేడు, చప్పట్లు కూడా కొడతారు.

గిరుక్కున వెనక్కి తిరిగింది. మిస్ కనుబొమలెత్తి చూస్తోంది.

కెజియా ఒక చిన్న మాట వాయించింది. గరుకుగా వచ్చింది. మిస్ ఫక్కున నవ్వి దాన్నే తిప్పి అడిగింది. కెజియా ఇంకాస్త పొడుగ్గా బదులిచ్చింది, ఆపైన తనే ఎదురు ప్రశ్న వేసింది. మిస్ అందుకుంది. మిస్ పక్కన కూర్చున్న డ్రమ్ములవాడు ఒక్కసారిగా నిద్రలేచాడు. అపస్వరం ఒకటి జారితే కెజియా దాన్ని వదల్లేదు, మళ్లీ మళ్లీ వాయించి దాన్నే పాట చేసింది. తర్వాత ఏం వస్తుందో తెలియదు, తెలియకపోవడం ఇంత బావుంటుందని ఇన్నాళ్లూ తెలియదు. ఎవరో "ఇటు, ఇటు" అని చేతులూపుతున్నారు. వీపు తప్ప ఇంకేమీ దొరక్క కెమెరామాన్ కెమెరా భుజానేసుకుని అటువైపు పరుగెత్తాడు. తెర మీద ఇద్దరి ముఖాలూ పడ్డాయి.

దీపాలు ఆరగానే కిరీటి వచ్చాడు. "పాట మధ్యలో జనానికి వీపు చూపిస్తే ఎట్లాగమ్మా? చూసేవాళ్లు ఇటుంటే నువ్వు అటు తిరుగుతావా?"

కెజియా రొప్పుతూ నిలబడింది. మిస్ కీబోర్డు స్విచ్ ఆపి లేచింది.

"మాట్లాడే మనిషి ముఖం చూడకుండా జవాబెలా చెబుతుంది నాయనా?" అంది.