నారాయణపక్షి వేసిన రెండు ముడులు

అనగనగా ఒక మూడో జాము. సన్నటి జల్లు. గాలి లేదు.

పెద్ద సరస్సు నడుమ మూడు లంకలు. పడమటి లంకలో, నీళ్ల మీదికి వంగిన తుమ్మచెట్టు మీద, కాటుకమ్మ అనే నీటికాకి రెక్కలు చాపుకుని కూర్చుంది. జల్లులో రెక్కలు ఆరవని ఆమెకు తెలుసు. ఆరబెట్టుకోవడానికి కాదు. కింద గూట్లో కూతురు రేగడి నాలుగు గుడ్లు పొదుగుతోంది. వాటికి తడి తగలకూడదు.

రేగడి తూర్పు లంకలో వెన్నెలయ్య అనే తెల్లకొంగను చేసుకుంది. అక్కడి పెళ్లి ఆచారం చిన్నది. ఒకరు గూటిపుల్ల ఇవ్వాలి, ఒకరు అందుకోవాలి, నలుగురు చూడాలి. ఇచ్చింది కొంగా, అందుకున్నది కాకా అని అడగరు.

పడమటి లంకలో అడుగుతారు. అక్కడ కాకి కాకినే చేసుకోవాలి, కొంగ కొంగనే.

తొలికాన్పు పుట్టింట్లో జరగాలి కదా. రేగడి తల్లి దగ్గరికి వచ్చింది. అల్లుడూ వెంట వచ్చాడు. వాళ్లు చేసిన పొరపాటు అదొక్కటే.

పడమటి లంకకు పెద్ద నారాయణపక్షి దొర. పొడుగు మెడ, బూడిదరంగు రెక్కలు, నెమ్మదైన మాట. నలుగురు భటులతో వచ్చి చెట్టు కింద నిలిచాడు.

"కాటుకమ్మా, ఆ గూడు ఎవరిది?"

"మా అమ్మాయిది దొరా."

"పెళ్లికాని పిల్లకు గూడేమిటి?"

"అయింది. తూర్పు లంకలో."

"అక్కడయితే అక్కడే. ఇక్కడ కాలేదు. పీకండిరా!"

ఒక భటుడు పుల్ల లాగాడు. గూడు ఒరిగింది. ఒక గుడ్డు జారి నీళ్లలో పడింది. పెద్దగా చప్పుడు కూడా కాలేదు.

కాటుకమ్మ ఏడవలేదు. "రాజుగారికి చెప్పుకుంటాను. పొద్దుగూకేదాకా ఆగండి," అంది.

రాజు పేరు చెబితే ఆగి తీరాలి. అది సరస్సు కట్టుబాటు. దొర నవ్వాడు. "పద, నేనూ వస్తాను. ఆయనతో నాకూ పనుంది."

కాటుకమ్మ అల్లుణ్ణి పిలిచింది. "బాబూ, రెక్కలు ఇలా పట్టు," అని చూపించి బయలుదేరింది.

సరస్సుకు రాజు గూడబాతు. ఆయన మట్టిదిబ్బ పక్కన జమ్ము దుబ్బు ఒకటి ఉంది. సభలో ఎవరి మాట నెగ్గితే వారు తమ ముక్కుతో ఒక జమ్ముపోచకు ముడి వేయాలి. ముడి ఉన్నంతకాలం ఆ మాట మూడు లంకలకూ చెల్లుతుంది. వేసినవారే తప్ప ఇంకెవరూ దాన్ని విప్పరాదు.

దొర వేసిన ముడులు అప్పటికే రెండున్నాయి.

మొదటిది కరువు ఏడాదిది. చేపలు మూడు లంకలూ పంచుకోండని రాజు అన్నాడు. "మా మడుగు మాది. ఎవరి లంకకు వారే పెద్ద," అన్నాడు దొర. నెగ్గాడు.

రెండోది పెళ్లిళ్లది. పడమటి లంకలో పిల్ల గుడ్డులోంచి తల బయట పెట్టగానే సంబంధం కుదిర్చి పుల్ల ఇప్పిస్తారు. రెక్కలు వచ్చేదాకా ఆగమని రాజు ఆజ్ఞ ఇచ్చాడు. "మహారాజా, వేటగాడు వస్తే కేక వేయడం మీ పని. పెళ్లి లంకల పని. మీ ముక్కు పెద్దదే, అలాగని మా గూళ్లలో దూర్చకండి," అన్నాడు దొర. సభ గొల్లుమంది. అదీ నెగ్గాడు.

ఈ రోజు ఆయనే చేతులు కట్టుకున్నట్టు రెక్కలు ముడుచుకుని నిలబడ్డాడు.

"మహారాజా, తూర్పు లంక పెళ్లిళ్లు కట్టు తప్పాయి. కాకికీ కొంగకూ పెళ్లి ఏ లంకలోనూ చెల్లదని ఒకటే శాసనం చేయండి."

"పెళ్లి లంకల పని అన్నావు కదయ్యా?"

"అది వేరు, ఇది వేరు."

"ఏం వేరు?"

"అది మా ఆచారం. ఇది వాళ్ల దురాచారం."

పడమటి లంక పొడుగు మెడలన్నీ ఔనన్నట్టు ఊగాయి. రాజు కాటుకమ్మ వైపు చూశాడు. ఆమె జమ్ము దగ్గరికి నడిచింది.

"దొరా, పెళ్లి ఎవరి పని?"

"ఈ విషయంలో రాజుగారి పని."

"అయితే మీ ముడులు రెండూ విప్పండి."

దొర మెడ చాచాడు. ముక్కు పోచకు తగిలింది. వెనక నుంచి పడమటి లంకవాళ్లు గోల పెట్టారు. "విప్పకండి దొరా! మడుగు పోతుంది. పిల్లల సంబంధాలూ పోతాయి!"

ముక్కు వెనక్కి వచ్చింది.

కాటుకమ్మకూ రెక్కలు రాకముందే పుల్ల ఇచ్చారు. ఆ రెండో ముడి అంటే ఆమెకు ఇష్టం లేదు. అయినా ఈ రోజు దాని నీడలోనే నిలబడాలి.

"విప్పరా? అయితే తూర్పు లంక పెళ్లి ఎవరి పని?"

"సరే, వాళ్లదే. అక్కడ ఏడవనీ. మడుగు దాటి నా లంకకు వస్తే అది పెళ్లి కాదు."

"మీ పెద్దమ్మాయిని ఎక్కడ ఇచ్చారు?"

ఆ సంగతి అందరికీ తెలుసు. ఉత్తరపు లంకలో ఇచ్చాడు, రెక్కలు రాకముందే. అక్కడ అలాంటిదాన్ని పెళ్లి అనరు. అయినా మూడు వానాకాలాలుగా ఆమె గూటి మీద ఎవరూ ముక్కు వేయలేదు. పడమటి లంకలో జరిగింది కదా, చాలనుకున్నారు.

"మడుగు దాటితే పెళ్లి కాదు," అంది కాటుకమ్మ. "ఆ ముడి మీరే వేయండి. పోచ ఇదిగో."

దొర ఒంటికాలి మీద నిలబడ్డాడు. ఎంతసేపటికీ రెండో కాలు దించలేదు.

రాజు నిట్టూర్చాడు. "శాసనం చేయాలని నాకూ ఆశగానే ఉంది. కానీ దొరా, ఈ రోజు నీ కోసం చేస్తే రేపు నీ మీద చేస్తాను. వద్దు. ఏ లంక పెళ్లి ఆ లంక ఆచారం. జరిగాక మూడు లంకల్లోనూ అది పెళ్లే. అమ్మా, ముడి నువ్వు వెయ్యి."

ఆమె వేసింది. మొదటిసారి జారింది. మళ్లీ వేసింది.

పొద్దుగూకే వేళకు జల్లు ఆగింది. కాటుకమ్మ తుమ్మచెట్టు మీద వాలి చూసింది. కూతురు ఉంది. అల్లుడు రెక్కలు దించకుండా ఉన్నాడు. గుడ్లు ఒకటి, రెండు, మూడు. మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టింది. మూడే.

పక్కవాడి గూటికి వర్తించని న్యాయం మన గూటినీ కాపాడదు.