వేగుల పెద్దను తేల్చిన మూడు విస్తళ్లు

రండమ్మా, రండి నాయనా, కాస్త దగ్గరికి జరగండి. వెనకాల కూర్చున్న తాతగారికి కూడా వినబడాలి కదా! అన్నపూర్ణమ్మ తల్లికి ఒక్కసారి దండం పెట్టుకోండి. ఇది ఆవిడ అన్నం కథే.

చంద్రగుట్టను ఏలే తిప్పరాజుకి మూడు వేగుదళాలు ఉండేవి. రేవును ఒకటి, కోటను ఒకటి, అడవి సరిహద్దును ఒకటి కనిపెట్టుకుని ఉండేవి. వాటి నాయకులు ఒకరి మొహం ఒకరు చూసి ఎరగరు, ఒకరి మనుషులను ఒకరు ఎరగరు. వేగువాడు ప్రాణం మీదికొచ్చినా సరే, తానెవరో తన నాయకుడికి తప్ప ఇంకెవరికీ చెప్పకూడదు.

ఆ రాజ్యంలో ఇంకో ప్రమాణం కూడా ఉండేది. కొలువులో చేరే ప్రతివాడూ అన్నపూర్ణమ్మ గుడిలో ఒట్టు వేయాలి. బతికినన్నాళ్లూ మొదటి ముద్ద రాజు క్షేమం కోసమని పక్కన పెట్టి తినాలి. ఆ సంగతి బయటివాళ్లకి తెలియదు.

ఒకరోజు రాజుగారికి ఆలోచన పుట్టింది.

"ఈ మూడు దళాల మీదా ఒక పెద్ద ఉండాలయ్యా! దొంగచాటుగా దూరిన శత్రువుల వేగులను మూడు రోజుల్లో పట్టి తెచ్చినవాడికే ఆ పదవి."

బయ్యన దండనాయకుడు మీసం దువ్వాడు. దళాల నాయకుల దగ్గర నుంచి తాటాకు కమ్మలు తెప్పించాడు. "ఇక్కడొక దొంగ బైరాగి తిరుగుతున్నాడు" అని రేవు నాయకుడు రాశాడు. "ఈ గాజులవాడి కళ్లు గాజుల మీద లేవు" అని కోట నాయకుడు. "ఈ తేనె అమ్మేవాడికి తేనెటీగంటే భయం" అని అడవి నాయకుడు. బయ్యన ముగ్గురినీ పట్టి తెచ్చి, మూడో రోజున సభలో నిలబెట్టాడు. ఎంత గద్దించినా వాళ్లు నోరు మెదపలేదు.

"చూశారా ప్రభూ, మాట లేదు! తలలు తీయించండి, పదవి ఇప్పించండి."

"సరే, అలాగే కానివ్వండి" అన్నాడు రాజు.

వడ్డన చేసే మైలమ్మ రాజుగారికి మజ్జిగ అందిస్తూ ఈ మాట విన్నది. పొద్దున చెరలో ఆ ముగ్గురికీ చద్దన్నం పెట్టింది తనే. అక్కడ ఆమె కంట ఒకటి పడింది. కానీ గరిటె పట్టుకునేదాని మాట సభలో ఎవరు వింటారు? ఊరుకుంటేనేమో మూడు ప్రాణాలు పోతాయి. తల్లికి మనసులోనే మొక్కి, ముందుకొచ్చింది.

"ప్రభూ, శిక్ష పడ్డవాడికి కడుపునిండా పెట్టడం మీ తాతగారి నాటి ఆనవాయితీ. ఇక్కడే వడ్డిస్తాను. మీరు చూస్తూ ఉండండి, చాలు."

బయ్యన పకపకా నవ్వాడు. "ఏం మైలమ్మా, పదవి మీద నీకూ మనసైందా?"

"మీకు మూడు తలలు కావాలి బాబుగారూ, నాకు మూడు విస్తళ్లు చాలు."

సభ కిసుక్కుమంది. కట్లు విప్పారు. వేడన్నం, ముద్దపప్పు, నెయ్యి పడ్డాయి. ముగ్గురూ ఆకలితో నకనకలాడుతున్నారు. అయినా బైరాగి మొదటి ముద్ద కలిపి, కళ్లకద్దుకుని, విస్తరి పక్కన పెట్టాడు. గాజులవాడూ అంతే. తేనెవాడూ అంతే!

రాజు చేతిలో మజ్జిగ ముంత ఒలికిపోయింది. "ఓరి మీ దుంపతెగ! మీరు మనవాళ్లా? చచ్చేదాకా నోరు విప్పరేంరా?"

వాళ్ల బదులు మైలమ్మే అందుకుంది.

"నోరు విప్పకూడదని వాళ్ల ఒట్టు ప్రభూ. ముద్ద తీసి పెట్టడానికి నోరెందుకు?"

రాజు పడీపడీ నవ్వాడు. "అయితే మన వేగులను మన వేగులే పట్టించారన్నమాట! ఇక పెద్దవి నువ్వేనమ్మా. నీ మొదటి ఆజ్ఞ ఏమిటి?"

"వారానికోసారి ముగ్గురు నాయకులూ నా ఎదుట ఒకే బంతిలో కూర్చోవాలి. పక్కవాణ్ణి పప్పు అందించమని అడిగాక, తక్కిన మాటలు వాటంతటవే వస్తాయి."

"మరి బయ్యనగారు?"

"మంచినీళ్లు అందిస్తారు ప్రభూ. మీసం తడవకుండా!"

సభంతా గొల్లుమంది. బయ్యన కూడా నవ్వాపుకోలేకపోయాడు. రాజు తన మెడలోని హారం తీసి మైలమ్మ చేతిలో పెట్టాడు.

అమ్మల్లారా, అయ్యల్లారా, ఇందులో ఒక్క పని గుర్తుపెట్టుకోండి. ఎవరినైనా దొంగ అనేముందు ఎదుట కూర్చోబెట్టి ఒక విస్తరి వేయండి. మీరు వేయండి, మీ పిల్లల చేతా వేయించండి. ఆ తల్లి చల్లగా చూస్తుంది.