పల్లకి తాకట్టు

ఒకానొక రాజ్యంలో రాజుగారి మీసాలకు నూనె రాయడానికే పన్నెండు మంది ఉండేవారు. కుడి మీసానికి ఆరుగురు, ఎడమ మీసానికి ఆరుగురు. ఆ రాజు పేరు కనకమార్తాండుడు. బిరుదులతో కలిపి ఆ పేరు పిలవడం పూర్తయ్యేసరికి పిలిచినవాడికి ఆకలేసేది.

ఆయనకు ఒకనాడు తన సింహాసనానికి పుట్టినరోజు చేయాలని బుద్ధి పుట్టింది. కుర్చీకి పుట్టినరోజేమిటని అడిగే మొనగాడు కొలువులో లేడు. పైగా మంత్రి చండామాత్యుడు, "ఇన్నాళ్లూ ఈ ఆలోచన ఎవరికీ రాకపోవడం లోకం చేసుకున్న పాపం ప్రభూ!" అని కళ్లు తుడుచుకున్నాడు.

పండుగకు పొరుగు రాజులు ఏడుగురు వస్తున్నారు. కాబట్టి కోటలో పనిచేసే ప్రతివాడూ ఎర్రపట్టు అంగీ, జరీ తలపాగా ధరించి రావాలని చాటింపు వేయించారు. రానివాడికి ఆ పూటతో కొలువు సరి.

ఆ చాటింపు విని గుండె జారినవాళ్లలో పల్లకి బోయీల పెద్ద గంగులు ఒకడు. అతని ఇంట్లో ఉన్న ఆస్తి ఒక్క పాడిగేదె. దాని పాల మీదే ఆరుగురు పిల్లలు బతుకుతున్నారు. గేదెను అమ్మితే అంగీ వస్తుంది, పిల్లలు పస్తు. అమ్మకపోతే కొలువు పోతుంది, అప్పుడూ పస్తే. ఆలోచించి ఆలోచించి నేరుగా కొలువుకే వెళ్లాడు.

"మహాప్రభో, చిన్న సందేహం. ఈ పట్టుబట్టలు మాకు ఎవరిస్తారు?"

రాజు నవ్విన నవ్వుకు కోట మీది పావురాలు లేచి పక్క రాజ్యానికి వలసపోయాయి. "ఇచ్చేదేమిట్రా! ఎవరి ఒంటి మీద ఉన్నది వారిదే. ఎవడిది వాడే కొనుక్కోవాలి. నీకు బట్టలు పెట్టడానికి నువ్వేమన్నా నా అల్లుడివా?"

"ధర్మశాస్త్రాలన్నీ పిండితే వచ్చే రసం ఇదే!" అన్నాడు మంత్రి. అనడమే కాదు, 'ఎవరి ఒంటి మీద ఉన్నది వారిదే' అని ఏనుగంత రాయి మీద చెక్కించి కోట గుమ్మంలో నిలబెట్టించాడు.

"ప్రభువుల మాట కాదనేవాళ్లం కాదు," అని గంగులు వంగి దండం పెట్టాడు. ఆ దండం ఉండాల్సినదానికంటే కొంచెం ఎక్కువసేపే ఉంది. దండాలు లెక్కపెట్టుకోవడమే తప్ప చూసే అలవాటు రాజుకు లేదు గనక గమనించలేదు.

గంగులు మాట మీద అతని జట్టు బోయీలు ముగ్గురూ ఏమీ కొనకుండా ఆగారు. తక్కిన కొలువువాళ్లు ఉన్నవి అమ్ముకున్నారు. చాటింపు వేసినవాడే తన డప్పు అమ్మి అంగీ కొన్నాడు. ఆనాటి నుంచి పొట్ట మీద దరువు వేసుకుంటూ చాటింపు చెప్పేవాడు. లోపల మెతుకు లేదేమో, మోత బాగానే వచ్చేది.

గంగులు పెళ్లాం సూరమ్మ రోజూ అడిగేది, "ఏమయ్యా, గేదెను అంగడికి ఎప్పుడు తోలుకుపోతావు?"

"గేదె ఇంట్లోనే ఉంటుందిలేవే. అంగడికి తీసుకుపోయే సరుకు వేరే ఉంది."

పండుగనాడు ఏడుగురు రాజులూ మైదానంలో కూర్చుని ఆవులిస్తున్నారు. కనకమార్తాండుడు నగల బరువుకు నడవలేక దొర్లుతున్నట్టుగా బయటికి వచ్చాడు. చూస్తే నలుగురు బోయీలూ ఉత్త పంచెలతో నిలబడి ఉన్నారు.

"అంగీలేవిరా?"

"దారిలో తొడుక్కుంటాం ప్రభూ. ముహూర్తం మించిపోతోంది, ఎక్కండి."

ఎక్కాడు. పల్లకి భుజానికెక్కాక దారి ముందు బోయీదే. లోపల ఉన్నది రాజైనా గుమ్మడికాయైనా ఒకటే. గంగులు "ఓహోం" అన్నాడు. పల్లకి మైదానం వైపు కాక పట్టుబజారు వైపు తిరిగింది.

భటులు ఆపబోయారు. కానీ బోయీని కొడితే పల్లకి పడుతుంది, పల్లకి పడితే రాజు పడతాడు. చేసేది లేక బల్లేలు పట్టుకుని వాళ్లూ వెనకే నడిచారు. మంత్రి తలపాగా చంకలో పెట్టుకుని పరుగెత్తాడు. ఊరు ఊరంతా వాళ్ల వెంట కదిలింది.

పట్టు నేసే సంకప్ప వాకిట్లో గంగులు ఆగాడు.

"సంకప్ప మామా! నాలుగు ఎర్రపట్టు అంగీలు కావాలి. ఈ పల్లకి తాకట్టు పెట్టుకో!"

రాజు తెర చించుకుని తల బయటపెట్టాడు. "నా పల్లకి తాకట్టు పెట్టడానికి నువ్వెవడివిరా!"

"తమదెట్లా అవుతుంది దొరా? ఎవరి ఒంటి మీద ఉన్నది వారిదేనని తమరే సెలవిచ్చారు. ఇది ఇప్పుడు మా భుజాల మీద ఉంది. భుజం ఒంట్లోది కాదంటే చెప్పండి, ఇక్కడే వదిలేస్తాం."

"వద్దు వద్దు, వదలొద్దు!"

సంకప్ప తాపీగా చుట్టూ తిరిగాడు. బొంగు మీది వెండి గీకి చూశాడు. మఖమలు నలిపి చూశాడు. లోపలికి తొంగిచూసి పెదవి విరిచాడు.

"వెండి అసలుదే అల్లుడూ. మఖమలు మేలైనదే. నాలుగేం, నలభై అంగీలిస్తా. లోపలున్నదాన్ని మాత్రం మీరే పట్టుకుపోండి. నేను మేపలేను."

జనం నవ్విన నవ్వుకు బజారులో తక్కెళ్లన్నీ ఊగాయి.

అంతలో మంత్రి రొప్పుతూ వచ్చాడు. "మూర్ఖుడా! మోసేది నువ్వే అయినా పల్లకి ఉన్నది ప్రభువు వైభవం కోసం! ప్రభువు వైభవానికి చేయించింది ప్రభువుదే, ఖర్చూ ప్రభువుదే!"

"ఆ చివరి మాట ఇంకోసారి చెప్పండి మంత్రిగారూ. వెనకవాళ్లకు వినబడలేదు."

మంత్రికి ఇంతమంది శ్రోతలు ఎన్నడూ దొరకలేదు. ఛాతీ విరిచి మళ్లీ అరిచాడు.

"విన్నారుగా అందరూ!" అన్నాడు గంగులు. "ఎర్రపట్టు తొడుక్కుని మేం గడ్డి కోస్తామా, గేదెను కడుగుతామా? అదీ ప్రభువు వైభవానికే. మోసేది మేమైనా పల్లకి ఆయనదైతే, తొడుక్కునేది మేమైనా అంగీ ఆయనదే."

మంత్రి నోరు తెరిచాడు. ఈగలు రాగానే మూసి, చంకలోని తలపాగాతో వాటిని తోలుకోసాగాడు.

రాజు మంత్రిని చూశాడు, జనాన్ని చూశాడు, కింద నేల ఎంత దూరముందో చూశాడు. చూసి పకపకా నవ్వాడు. కొలువులో ప్రతివాడికీ బొక్కసం నుంచే పట్టుబట్టలు ఇవ్వాలన్నాడు. అమ్ముకున్నవాళ్ల సొత్తు తిరిగి కొని తెచ్చిపెట్టే పని మంత్రికి అప్పగించాడు. తన చేతి కడియం తీసి గంగులుకు బహుమానమిచ్చాడు.

రాజుగారిది ఎంత పెద్ద మనసో అని కొలువు కవులు ఆ నవ్వు మీద వెయ్యిన్నొక్క పద్యాలు అల్లారు. నవ్వక ఏం చేస్తాడు? పల్లకి ఇంకా వాళ్ల భుజాల మీదే ఉంది మరి!