తోడుకోని మూడు కుండలు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో పెరుగు దొరికేది. నవ్వకండి పిల్లలూ, ముందు వినండి. పాలు నేరేడమ్మవి. నేరేడమ్మ అంటే గేదె. దూడ కడుపునిండా తాగినా ఇంకా బోలెడు పాలు మిగిలేవి ఆమెకి. పితికేది కోతి. ఆ పనికి తగ్గ చేతులు ఉన్నది దానికే మరి. తోడు వేసేది మాత్రం కంటకమ్మ.

కంటకమ్మ ముళ్ళపంది. ఒళ్ళంతా ముళ్ళే గాని మనసు వెన్న. ఆవిడ దగ్గరున్న తోడు అమ్మమ్మ నాటిది. నిన్నటి పెరుగులోంచి ఇవాళ్టికి, ఇవాళ్టి పెరుగులోంచి రేపటికి, అలా ఒక్కరోజూ తెగకుండా వచ్చింది. అడవి మొత్తానికి ఆ తోడు ఒక్కటే. ఎందుకైనా మంచిదని నాలుగు చెంచాల తోడు ఎప్పుడూ వెదురు గొట్టంలో పోసి, సెలయేటి పక్కన చల్లటి రాతి సందులో దాచేది. అది కూడా అమ్మమ్మ నేర్పిన పద్ధతే.

రోజూ సాయంత్రం పాలకుండని వేడినీటి బుగ్గలో దించేది. పాలు బాగా వేడెక్కాక తీసి, గోరువెచ్చగా అయ్యేదాకా ఆగి, ఒక చెంచా తోడు కలిపేది. పైన ఎండుగడ్డి కప్పేది. తెల్లారేసరికి గడ్డపెరుగు! తల్లి లేని పిల్లలన్నీ ఆకు దొన్నెలు పట్టుకుని వరసగా కూర్చునేవి. అసలే వానాకాలం, పిల్లల కడుపులు చెడిపోయే రోజులు. గోరింట అనే జింకపిల్లకైతే వారం రోజులుగా విరేచనాలు. పెరుగు తప్ప ఏదీ ఇమడడం లేదు దానికి.

ఒకరోజు పొద్దున్నే కంటకమ్మ గడ్డి తీసి, కుండ వంచింది. గోరింట దొన్నెలోకి జర్రున పాలు కారాయి.

"అవ్వా, ఇవి పాలు," అంది గోరింట.

"పాలేమిటే? పెరుగు," అంది కంటకమ్మ. మళ్ళీ వంచింది. మళ్ళీ పాలే.

వాసన చూసింది. కమ్మగానే ఉంది. ఒక చుక్క నాలుక మీద వేసుకుంది. పులుపు లేదు, చేదు లేదు. రాత్రంతా ఉన్న పాలు పెరుగైనా కావాలి, విరిగైనా పోవాలి. ఇవి రెండూ కాలేదు. పితికిన పాలు పితికినట్టే ఉన్నాయి. కంటకమ్మకి ఏమీ పాలుపోలేదు.

కోతి వచ్చి కుండ మీద టకటకా కొట్టి చూసింది. "అత్తా, ఇది పాత కుండ. అడుగున కంపు పట్టి ఉంటుంది. కుండ మార్చు."

అంతే అయి ఉంటుందనుకుంది కంటకమ్మ. పిల్లలు ఆ పాలే తాగి వెళ్ళిపోయాయి. నిన్నటి పెరుగు లేదు కాబట్టి గొట్టంలోంచి ఒక చెంచా తోడు తీసి, ఆ సాయంత్రం కొత్త కుండలో వేసింది.

తెల్లారింది. కుండ వంచింది. జర్రున పాలు!

ఈసారి కాకి వచ్చి వాలింది. తల అటు వంచి ఒకసారి, ఇటు వంచి ఒకసారి చూసింది. "పిన్నీ, ఇది దిష్టి. నీ పెరుగుని అడవంతా పొగుడుతుంటే తగలదా మరి? ఉప్పు తిప్పి పడెయ్యి."

దిష్టి అని కంటకమ్మకి తోచలేదు. కాదనడానికీ ఏమీ తోచలేదు. జంతువులు నాకే ఉప్పునేలకి వెళ్ళి, గుప్పెడు ఉప్పురాళ్ళు తెచ్చి, కుండ చుట్టూ మూడుసార్లు తిప్పి ఏట్లో పారేసింది. ఇంకో చెంచా తోడు వేసింది.

తెల్లారింది. మూడో కుండ కూడా తోడుకోలేదు.

ఆ పాలు తాగిన గోరింట కడుపు ఇంకా చెడింది. లేచి నిలబడబోయి కూలబడింది. దాని పక్కటెముకలు లెక్కపెట్టేలా కనిపిస్తున్నాయి. కంటకమ్మ గుండె చెరువైంది.

అప్పుడు వచ్చాడు నక్క నంగన్న. పేరుకి తగ్గట్టే మెత్తగా మాట్లాడతాడు. "ఏమీ అనుకోకు వదినా, కుండ మార్చావు, దిష్టి తీశావు. ఇక మిగిలింది నీ చెయ్యే. వయసు మీద పడింది, నీ హస్తవాసి పోయింది. రేపు కూడా తోడుకోకపోతే కుండ నాకిచ్చెయ్. ఆ తోడు గొట్టం కూడా. తోడు నేనే వేస్తా, వాటాలు కూడా నేనే పంచుతా." అని మూతి నాక్కున్నాడు.

నక్క అన్నందుకు కంటకమ్మ బాధపడలేదు. నక్క అంటే నక్కే కదా. కానీ చుట్టూ ఉన్నవాళ్ళలో ఒక్కరైనా, "అదేం మాట?" అనలేదు. కోతి గోళ్ళు చూసుకుంది. కాకి ఎటో చూసింది. పాపం, కంటకమ్మకి ఏడుపొచ్చింది.

మధ్యాహ్నం ఏటి ఒడ్డున కూర్చుని తన చేతిని చూసుకుంది. తిప్పి చూసుకుంది. నిన్నటి చెయ్యేగా ఇది? హస్తవాసి అంటే ఎక్కడుంటుంది? అరచేతిలోనా, వేళ్ళలోనా? రాత్రికి రాత్రి ఎలా పోతుంది? గొట్టం వంపి చూసింది. రెండు చెంచాలు ఉండాలి కదా? ఒకటే ఉంది! గొట్టం అడుగున సన్నటి పగులు. కారిపోయిన తోడు రాతి మీద ఎండిపోయి కనిపించింది.

ఇక ఉన్నది ఒక్క చెంచా. ఇది కూడా పోతే అమ్మమ్మ తోడు ఈ అడవిలో ఉండదు. ఆవిడ గొట్టాన్ని గుండెకి అదుముకుంది.

"కుండ మార్చాను," అనుకుంది పైకే. "దిష్టి తీశాను. ఎండుగడ్డి అదే, బుగ్గ అదే, తోడు అదే. ఇక మారడానికి మిగిలింది... పాలు." వెంటనే లెంపలేసుకుంది. "ఛ! నేరేడమ్మ పాలని అనుమానించడమా? పోనీ జబ్బుపడిందా అంటే కొమ్ముకి దారం కూడా లేదే!"

ఆ దారం సంగతి చెప్పాలి మీకు. ఆ అడవికి డాక్టరు వడ్రంగిపిట్ట. పేరు టకటకయ్య. పాలిచ్చే జంతువుకి సూదిమందు వేస్తే కొమ్ముకి ఎర్ర దారం కట్టేవాడు. దారం ఉన్నన్నాళ్ళూ ఆ పాలు ఎవరూ తాగకూడదు, పితికి పారబోయాలి. ఎందుకని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. నియమం అంటే నియమం.

కంటకమ్మ చాలాసేపు ఆలోచించింది. తన చేతి మీదా నమ్మకం లేదు, పాల మీదా అనుమానం రావడం లేదు. ఎటూ తేలని మనసుతోనే లేచి, కొండమేక దగ్గరికి వెళ్ళి ఒక చిప్పెడు పాలు అడిగి తెచ్చింది. రెండు వెలగ చిప్పలు కడిగింది. ఒకదాంట్లో మేకపాలు, ఒకదాంట్లో నేరేడమ్మ పాలు పోసింది. రెంటినీ బుగ్గలో ఒకేలా వేడిచేసి ఒకేలా చల్లార్చింది. చివరి చెంచా తోడుని రెండు సగాలు చేసింది. రెండింటికీ అదే చెయ్యి, అదే చెంచా. రెంటి మీదా అదే గడ్డి కప్పింది.

తెల్లారగానే నంగన్న వచ్చి కూర్చున్నాడు. అందరూ వచ్చారు. కంటకమ్మ గడ్డి తీసింది.

నేరేడమ్మ పాల చిప్ప వంచింది. జర్రున కారాయి. నంగన్న తోక ఊపాడు.

మేకపాల చిప్ప వంచింది. ఏమీ కారలేదు. ఇంకా వంచింది. బోర్లించినంత పని చేసింది. తెల్లగా, గట్టిగా, చిప్పని అంటిపెట్టుకుని ఉంది పెరుగు.

"నా చెయ్యి మంచిదే!" అంది కంటకమ్మ. ఆ మాటతో పాటే కళ్ళనీళ్ళు వచ్చేశాయి. నంగన్న తోక కిందికి దిగింది.

కానీ ఆ సంతోషం ఎంతోసేపు లేదు. చెయ్యి మంచిదైతే, మరి పాలకేమైంది? మళ్ళీ అయోమయం. ఆ పెరుగు చిప్ప పట్టుకునే నేరేడమ్మ దగ్గరికి నడిచింది. వెనకే అందరూ నడిచారు, గోరింటని కోతి ఎత్తుకొచ్చింది.

నేరేడమ్మ తన మడుగు పక్కన పడుకుని ఉంది. కంటకమ్మని చూసి ముఖం పక్కకి తిప్పుకుంది. అప్పుడు కంటకమ్మ కాలికి ఏదో తగిలింది. వంగి చూస్తే, బురదలో నలుపూ తెలుపూ చారల ముల్లు.

"ఇది నా ముల్లు," అంది కంటకమ్మ నెమ్మదిగా. "అయిదు రోజుల కిందట డాక్టరుగారు సూది వెయ్యడానికని అడిగి తీసుకెళ్ళారు. ఎవరికని నేను అడగలేదు. ఇది ఇక్కడెందుకుంది, నేరేడూ?"

నేరేడమ్మ తల దించుకుంది. కోతి చెట్టుబెరడులోంచి ఏదో లాగింది. ఎర్ర దారం! కొమ్ము రాసి రాసి తెంపిన దారం.

"పొదుగు వాచింది అక్కా," అంది నేరేడమ్మ చివరికి. "డాక్టరుగారు సూది వేసి దారం కట్టి, వారం రోజులు పాలు పారబోయమన్నారు. ఆయన అటు కొండవతలికి వెళ్ళారు, ఇటు గోరింట ఆకలని ఏడ్చింది. మర్నాటికి వాపు తగ్గింది. పాలు చూస్తే తెల్లగానే ఉన్నాయి. నన్ను బాగుచేసిన మందు పిల్లల్ని ఏం చేస్తుందిలే అనుకున్నా. సాయంత్రం కోతి పితకడానికి వచ్చేలోపే దారం తెంపేశా."

"మరి మూడు రోజులుగా నన్ను అందరూ అన్ని మాటలంటుంటే?"

"మొదటిరోజు అర్థం కాలేదు. రెండో రోజు అనుమానం వచ్చింది. మూడో రోజు... చెప్పడానికి నోరు రాలేదు." నేరేడమ్మ తల ఇంకా దించింది. "నీ చెయ్యి పోయిందని అంటుంటే వింటూ ఊరుకున్నా. అది నా తప్పు అక్కా. మందుది కాదు, నాది."

సరిగ్గా అప్పుడే టకటకయ్య ఎగురుకుంటూ వచ్చి వాలాడు. తెగిన దారం చూశాడు. పడుకున్న గోరింటని చూశాడు. సంగతి అర్థమై ముక్కు చెట్టుకేసి కొట్టుకున్నాడు.

"డాక్టరుగారూ, నాకు మతి పోతోంది," అంది కంటకమ్మ. "మందు మంచిదా చెడ్డదా, ఒక్క మాటలో చెప్పండి."

"ఒక్క మాటలో కుదరదమ్మా. నీ తోడులో కంటికి కనపడని చిన్న చిన్న ప్రాణులుంటాయి. పాలని పెరుగు చేసేవి అవే. నేరేడమ్మ పొదుగులో కూడా అలాంటివే చేరాయి, కానీ అవి చెడ్డవి. నా మందు వాటిని చంపింది. ఆ మందు కొంచెం పాలలోకి దిగుతుంది. వేడిచేసినా పోదు. మంచివాళ్ళెవరో చెడ్డవాళ్ళెవరో దానికి తెలీదు కదా? నీ తోడుని కూడా చంపింది. పిల్లల కడుపులో ఉండే మంచివాటిని కూడా వదల్లేదు."

"అయ్యో," అంది కోతి.

"ఇంకో సంగతుంది. మందు ఇలా కొంచెం కొంచెంగా పిల్లల కడుపులోకి పోతుంటే, అక్కడి చెడ్డ ప్రాణుల్లో కొన్ని దానికి తట్టుకుని బతకడం నేర్చుకుంటాయి. రేపు నిజంగా జబ్బు చేస్తే, నా మందు వాటిని ఏమీ చెయ్యలేదు. ఇదంతా దారం కట్టేటప్పుడే మీకు చెప్పాల్సింది. చెప్పకపోవడం నా పొరపాటు."

కంటకమ్మకి కొంత అర్థమైంది, కొంత కాలేదు. కానీ ఒక్కటి మాత్రం బాగా తెలిసింది. చేతిలో చిప్పెడు పెరుగుంది, ఎదురుగా గోరింట ఉంది. ఒక్క చెంచా పక్కకి తీసి దాచింది. మిగిలిందంతా గోరింట నోట్లో మెల్లగా పెట్టింది. అది ఇమిడింది. నేరేడమ్మ చూస్తూ కన్నీళ్ళు పెట్టుకుంది.

డాక్టరు లెక్క మళ్ళీ మొదటి నుంచి పెట్టలేదు గాని, సూది వేసిన నాటి నుంచి వారం మీద ఇంకో రోజు ఎక్కువే ఆగమన్నాడు. రోజుకి రెండు పూటలూ కోతి పాలు పితికి గుంటలో పోసి మట్టి కప్పింది. దూడని కూడా పొదుగు దగ్గరికి రానివ్వలేదు. అన్నాళ్ళూ కొండమేక ఇచ్చే చిప్పెడు పాలనే తోడేసి పిల్లలకి తలా కాస్త పంచింది కంటకమ్మ. ఆ తర్వాత నేరేడమ్మ పాలు వచ్చాయి. కంటకమ్మ ముందు చిప్పలో తోడేసి చూసింది. తోడుకున్నాకే కుండ ముట్టుకుంది. ఆ రోజు నుంచి అదే ఆ అడవి పద్ధతి అయింది. నంగన్న మళ్ళీ కుండ మాటెత్తలేదు. కోతి, కాకి వచ్చి, "తప్పుగా మాట్లాడాం," అన్నాయి. "ఏమీ తెలీనప్పుడు తెలీదనండర్రా," అంది కంటకమ్మ.

మరుసటి ఏడాది వానలకి నేరేడమ్మకి పొదుగు వాచింది. కంటకమ్మ ఒక ముల్లు తీసిచ్చింది. టకటకయ్య దాన్ని మందులో ముంచి దగ్గరికి వచ్చేసరికి, నేరేడమ్మ లేచి నిలబడి కొమ్ము వంచింది.

"ముందు దారం కట్టండి డాక్టరుగారూ," అంది. "గట్టిగా, అందరికీ కనపడేలా కట్టండి. సూది తర్వాత వేద్దురుగాని."

నీతి: మనల్ని బాగుచేసే మందుకి కూడా ఒక గడువు ఉంటుంది. అది తీరకముందే తొందరపడి, ఆ సంగతి దాచిపెడితే, మన తప్పుకి శిక్ష అమాయకుల మీద పడుతుంది.