ఎండ కూడేదాకా

జోగయ్య గారు అడిగిన ప్రశ్నకు వెంటనే బదులు చెప్పే మనిషి కారు. ముందు ఏదో ఒక పని పురమాయించేవారు. మన్యంలో, కొండవాలున ఉన్న వారి ఆశ్రమంలో వైకుంఠం అనే యువకుడు శిష్యరికం చేస్తున్న రోజుల మాట ఇది.

ఆ ఏటి వరదలో కొడుకును పోగొట్టుకున్న తవిటమ్మ అనే ఆవిడ ఆశ్రమానికి వచ్చి చేరింది. తిండి సయించదు, మాట పెగలదు. వైకుంఠం రోజూ ఆమె ఎదుట కూర్చుని, ఆత్మకు చావు లేదని బోధించేవాడు. చెప్పినకొద్దీ ఆమె ఇంకా ముడుచుకుపోయేది. చివరికి అతను గురువు గారి దగ్గర వాపోయాడు.

"ఎంత చెప్పినా ఒక్క మాటా ఆమెకు ఎక్కడం లేదు. లోపం నా చెప్పడంలోనా, ఆమె వినడంలోనా?"

"ఇవాళ్టి నుంచి చిక్కుడు మళ్ళకు నీళ్ళు నువ్వు పెట్టు" అన్నారు జోగయ్య గారు.

రెండు మళ్ళలోనూ విత్తనం ఒకేనాడు పడింది. తూర్పువాలు మడి పొద్దుటి నుంచీ ఎండకు కాగి అప్పుడే పూతకొచ్చింది. ఎన్ని నీళ్ళు పెట్టినా సాయంత్రానికి పీల్చేసేది. కొండనీడ మడిలో మొక్కలు జానెడైనా లేవలేదు. వైకుంఠం జాలిపడి వాటికే మరో కడవ ఎక్కువ పోస్తూ వచ్చాడు. కొన్నాళ్ళకు ఆకులు పసుపెక్కాయి. ఒక మొక్కను పెకలిస్తే వేరు కుళ్ళు వాసన కొట్టింది. దాన్ని తెచ్చి, తలవంచుకుని గురువు గారి ముందు నిలబడ్డాడు.

"దీనికి దాహం వెయ్యలేదు నాయనా, చలి వేసింది" అన్నారాయన. "వెచ్చదనం కూడితే ఎదుగుతుంది. ఎదిగితే నీళ్ళు అదే అడుగుతుంది."

వైకుంఠం నీళ్ళు తగ్గించి, ఎండ తగిలేలా మడి మీదికి వాలిన చెట్ల కొమ్మలు నరికాడు. ఆ సాయంత్రం నుంచి తవిటమ్మ దగ్గర బోధ కూడా మానేశాడు. వేడి గంజి తెచ్చి చేతికిచ్చి, పొయ్యి దగ్గర ఊరికే ఆమె పక్కన కూర్చునేవాడు. తూర్పు మడి కాపుకొచ్చాక ఇద్దరూ కలిసి కాయలు ఒలిచేవారు.

నీడ మడిలో బతికిన మొక్కలు ఆలస్యంగా పూశాయి. అప్పుడిక కడవల కొద్దీ తాగాయి. ఆ రోజుల్లోనే ఒక ఉదయం తవిటమ్మ ఒలిచే చెయ్యి ఆపింది.

"మా సూరిగాడికి ఈ గింజలంటే ప్రాణం, తమ్ముడూ" అని బావురుమంది. చాలాసేపటికి కొంగుతో మొహం తుడుచుకుని, "వాడిప్పుడు ఎక్కడుంటాడంటావు? చెప్పు, వింటాను" అంది.

తనకు తెలిసినంతా మెల్లగా చెప్పి వైకుంఠం లేచాడు. తిన్నగా వెళ్ళి గురువు గారి కాళ్ళ మీద పడ్డాడు.

జోగయ్య గారు అతన్ని లేవనెత్తి, తూర్పున పైకి వస్తున్న సూర్యుడి వైపు తిప్పారు.

"దండం ముందు అటు పెట్టు" అన్నారు.