రత్నం చేసిన మూడు తప్పులు

నువ్వేం చూశావో చెప్పు. పొద్దున లేచిన దగ్గర్నుంచి కళ్ళు తెరిచే ఉన్నావు కదా. పక్కింటివాడు కొన్న బండి చూశావు. తోటివాడి మెళ్ళో పడిన దండ చూశావు. అవి కాక ఇంకేం చూశావు? నోరు పెగలడం లేదు కదూ?

కొర్లయ్యకి మాత్రం నోరు బాగానే పెగిలింది. అదే వాడి కొంప ముంచింది.

అండమాన్ దీవుల్లో తాతారావు మాస్టారని ఒకాయన ఉండేవాడు. కుర్రతనంలో సిక్కోలు తీరం నుంచి వలస వెళ్ళి, ఊపిరి బిగబట్టి గవ్వల కోసం సముద్రం అడుగుకి దిగి బతికిన మనిషి. తర్వాత రోజుల్లో వీపున గాలి సిలిండర్ కట్టుకుని దిగే స్కూబా డైవింగ్ వచ్చింది. ఎక్కడెక్కడి నుంచో గెస్టులు వచ్చారు. వాళ్ళని నీళ్ళ కిందకి తీసుకెళ్ళి, పగడాలు చూపించి, ప్రాణాలతో పైకి తేవడం ఆయన పని. ఆ పనే శిష్యులకి నేర్పేవాడు.

కొర్లయ్య ఆరేళ్ళ నుంచి శిష్యుడు. నూకరత్నం చేరి మూడేళ్ళయింది.

ఏటా సముద్రం నెమ్మదించిన రోజుల్లో, ఉత్తరాన మనుషుల్లేని దీవులకి వారం రోజుల ట్రిప్పు ఉండేది. అక్కడ ఫోను పలకదు. డాక్టరు ఉండడు. నీళ్ళలో ముందు ఈదే మనిషిని నమ్ముకునే గెస్టులు దిగాలి. అన్నేళ్ళూ మాస్టారే ముందు ఈదాడు. ఆ ఏడు ఓపిక తగ్గి, "ఈసారి రత్నం నడిపిస్తాది" అనేశాడు.

కొర్లయ్యకి ఆ పూట అన్నం సయించలేదు. ఆమె సిలిండర్ మోస్తుంటే మండేది. గెస్టులు ఆమెతో నవ్వుతుంటే మండేది. ఆమె ఊరికే కూర్చున్నా మండేది.

"ఏటి రత్నం, మాస్టారికి రోజూ సేపల పులుసు అంపుతన్నావా?" అన్నాడు ఒకరోజు అందరిలో.

"నీకూ ఓ గిన్నె అంపుతాన్లే అన్నా. ముల్లు సూసుకుని తిను" అంది రత్నం.

పడవ మీద ఉన్నవాళ్ళంతా గొల్లుమన్నారు. కొర్లయ్య తిన్నగా మాస్టారి దగ్గరికి వెళ్ళాడు.

"ఆరేళ్ళు మీ ఎనకాల తిరిగినాను. నాలో ఏటి తక్కువ? ఆ ఆడగుంటలో ఏటి ఎక్కువ?"

మాస్టారు రబ్బరు గొట్టం తుడుస్తున్నాడు. తలెత్తలేదు.

"రేపు దిగుదాం. నాను గెస్టుని. నువ్వు ముందుండు. రత్నం నీకు జోడీ. బాగా నడిపిస్తే ట్రిప్పు నీదే."

మర్నాడు ముగ్గురూ దిగారు. పద్దెనిమిది మీటర్ల లోతు. ముందు ఈదేవాడు పది ఊపిరులకోసారి వెనక్కి తిరిగి గెస్టుని చూడాలి. మాస్టారు మొదటిరోజు నేర్పే పాఠం అదే. కొర్లయ్య తిరిగింది పక్కకి. రత్నం వైపు. ఆమె కాలు ఎక్కడ తగులుతుందో, చెయ్యి ఎక్కడ తడబడుతుందో అని కాచుకుని ఈదాడు. తప్పు దొరికినప్పుడల్లా నీళ్ళలోనే ఒక వేలు మడిచాడు.

సగం దూరంలో రత్నం ఉన్నట్టుండి వెనక్కి తిరిగింది. గబగబా మాస్టారి దగ్గరికి పోయి ఆయన భుజం పట్టుకుంది. కొర్లయ్యకి ఒళ్ళు భగ్గుమంది. ఇక్కడ కూడానా! మొహం తిప్పేసుకున్నాడు. కాసేపటికి ఆ ఇద్దరూ కలిసి పైకి లేస్తుంటే, అయిపోయింది కాబోలనుకుని తనూ లేచాడు.

పడవెక్కాక మాస్టారు అడిగాడు. "ఏటి సూసినావురా?"

దానికోసమే చూస్తున్నాడు వాడు. "ఒకటి, ఇసక రేపింది. నీళ్ళన్నీ మడ్డి సేసీసింది. రెండు, తాబేలు కాడ ఆగిపోయింది. ముందున్నోడు నాను, నన్ను అడగనేదు. మూడోది పెద్దది మాస్టారూ. మద్దెలో జోడీని ఒదిలీసి, ఎనక్కి తిరిగి మీ సంకలో దూరింది. జోడీని ఒదలొచ్చునా? మీరే సెప్పండి."

"అంతేనా?"

"అంతే."

రత్నం అటు తిరిగి తడిజుట్టు పిండుకుంటోంది.

మాస్టారు కుడి అరచేతిని తన గొంతుకి అడ్డంగా పెట్టి అటూ ఇటూ ఆడించాడు. నీళ్ళ కింద మాట పలకదు కదా, 'నాకు గాలి అయిపోయింది' అని చెప్పే సైగ అది. తర్వాత తన సిలిండర్ మీటరు తీసి కొర్లయ్య చేతిలో పెట్టాడు. సున్నా.

దిగేముందు గెస్టు మీటరు చూడాల్సింది ముందుండేవాడే. ఆ వేళ కొర్లయ్య రత్నం బెల్టు సరిగ్గా ఉందో లేదో చూస్తున్నాడు. మాస్టారు కావాలనే ముందురోజు వాడేసిన సిలిండర్‌తో దిగాడని వాడికి తెలియలేదు. రత్నం తన సిలిండర్‌కి ఉన్న రెండో మౌత్‌పీస్ తీసి ఆయన నోటికి ఇచ్చిందనీ తెలియలేదు. ఆమె గాలి మీదే ఆయన పైకి వచ్చాడు.

కొర్లయ్య మీటరు మీంచి కళ్ళెత్తాడు. "నాకు సైగ సేసినారా మాస్టారూ?"

"నీకు మూడుసార్లు సేసినాను" అన్నాడు మాస్టారు. "రత్నానికి ఒక్కసారి."

పడవ ఒడ్డు చేరింది. అందరూ దిగిపోయారు. కొర్లయ్య దిగలేదు. మీటరు చేతిలో పట్టుకుని అలాగే కూర్చున్నాడు.

సరే, వాడి సంగతి వదిలెయ్. నీ వెనక వస్తున్నది ఎవరు?