ఎర్ర ఫిల్టరుకి ఎన్ని స్టాపులు

అడిగినదానికి తిన్నగా జవాబు చెప్పడం ప్రకాశరత్నం మాస్టారికి అలవాటు లేదు. రేపల్లెలో మేడమీద ఉండేది ఆయన స్టూడియో. ఆదివారం పూట మేం ఏడెనిమిదిమంది అక్కడ చేరేవాళ్ళం. పెళ్ళిళ్ళకీ సభలకీ ఫొటోలు తీసి బతుకుతున్నవాళ్ళమే అందరమూ. అయినా ఆయన ముందు కూచుంటే మాకేమీ రాదని తెలిసేది. తెల్లబట్టల పెద్దమనిషిని తీస్తే మొహం మసిబొగ్గులా వచ్చిందని ఒకసారి నేను మొత్తుకున్నాను. "లైటు మీటరు ఆయన పంచెని చూసింది. నువ్వు మీటరుని చూశావు. మనిషిని ఎవరు చూశార్రా?" అన్నారు. నా మొహం చూసి జాలిపడి కాబోలు, ఈసారి నీ అరచేతి మీద వెలుగు కొలిచి ఒక స్టాపు పెంచు, ఫిల్ము మీద పడే వెలుగు రెట్టింపవుతుంది అని ఆ తరవాత చెప్పారు. ముందు కుట్టడం, తరవాత మందు రాయడం ఆయన పద్ధతి.

ఆయనకి మరో అలవాటుండేది. ఫొటోకి వచ్చినవాళ్ళని కుర్చీలో కూచోబెట్టి, లెన్సు ముట్టుకోబోయే ముందు, "మీవాళ్ళు మిమ్మల్ని దేన్నిబట్టి గుర్తుపడతారండీ?" అని అడిగేవారు. కొందరు నవ్వేవారు, కొందరు మింగేసేలా చూసేవారు. ముసలితనం వచ్చి చాదస్తం ముదిరిందని మేం చాటుగా అనుకునేవాళ్ళం. ఆ ప్రశ్న వెనక ఏముందో మాకు సుగుణరావు వల్ల తెలిసింది.

సుగుణరావు మాలో కాస్త హుషారైనవాడు. మద్రాసు నుంచి లెన్సుకి తొడిగే రంగుగాజు ఫిల్టర్ల పెట్టె ఒకటి తెప్పించుకుని, ఆ ఆదివారం దాన్ని ఒళ్ళో పెట్టుకుని వచ్చాడు.

"మాస్టారూ, ఎర్ర ఫిల్టరు వేస్తే ఎక్స్‌పోజరు ఎన్ని స్టాపులు పెంచాలండీ?" అని అడిగాడు.

ఎందుకన్నారు మాస్టారు. మర్నాడు ఒక హెడ్మిస్ట్రెస్ రిటైర్మెంటు ఫొటోకి వస్తున్నారట. ఆవిడ బుగ్గలనిండా మంగు. నలుపు-తెలుపు ఫిల్ములో ఎర్ర ఫిల్టరు వేస్తే ఎర్రనివీ గోధుమరంగువీ చాలామటుకు తెల్లబడిపోతాయి గనక మంగు మాయమవుతుందని వీడెక్కడో చదివాడు. "ఆవిడకి ముందు చెప్పనండీ. ఫొటో చేతికిచ్చినప్పుడు చూసుకుని ఆవిడే మురిసిపోవాలి," అన్నాడు.

మాస్టారు బల్లకింద నుంచి పాత బిస్కట్ల డబ్బా ఒకటి తీసి, మూత తియ్యకుండా ముందు పెట్టుకున్నారు. మబ్బులు తేలడానికి పసుపు ఫిల్టరు, నీటి మీద మెరుపు చంపడానికి పోలరైజరు ఆయన వాడగా చూశాం. ఎర్రది ఆయన దగ్గర ఉన్నట్టు కూడా మాకు తెలియదు. అది ఆ డబ్బాలో ఉందని చెప్పి, ఈ సంగతి మొదలుపెట్టారు.

ఉప్పెన రావడానికి ముందు ఏడు, ఇసకలంక నుంచి నాంచారయ్య అనే పల్లెకారు తన కూతుర్ని వెంటబెట్టుకుని స్టూడియోకి వచ్చాడు. పిల్ల పేరు మల్లేశ్వరి, పదమూడేళ్ళు. హాస్టల్లో చేర్చడానికి దరఖాస్తుకి ఫొటోలు కావాలి. పిల్ల ఎడమ చెంప మీద, చెవికి దగ్గరగా, పుట్టుకతో వచ్చిన ఎర్రటి మచ్చ ఉంది, కుంకుమ అంటిన చెయ్యి తగిలినట్టు. మచ్చ తీసెయ్యమని తండ్రి అడగలేదు, పిల్లా అడగలేదు. కానీ ఆ నెల్లోనే మాస్టారు ఎర్ర ఫిల్టరు కొన్నారు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడు. వెలుతురు చాలక షట్టరు బాగా నెమ్మది చెయ్యవలసి వచ్చింది. ఊపిరి బిగబట్టి కూచోమంటే పిల్ల అలాగే కూచుంది. ఎర్ర ఫిల్టరులో పెదాలు కూడా పాలిపోతాయి కాబట్టి, ముందే ఆలోచించి పెదాలకి కాటుక రాయించారు. "పెదాల సంగతి ఆలోచించాను. నేనెంత తెలివైనవాణ్ణో చూడండి," అన్నారు మాస్టారు మాతో. ఆయన గొంతులో వెటకారం తప్ప ఇంకేమీ లేదు.

ఫొటో చూసి నాంచారయ్య నోరు తెరిచాడు. పిల్ల మాత్రం ఫొటోని చూస్తూ చెంప తడుముకుంది. "నా మచ్చ ఎక్కడికి పోయిందండీ?" అని అడిగి నవ్వింది. మాస్టారు ఆ సంతోషంలో పెద్ద సైజు కాపీ ఒకటి ఊరికే చేసిచ్చారు. లంకలో అందరూ దాన్ని చూడ్డానికి వచ్చారట.

మరుసటి ఏడు సముద్రం లంక మీదికి వచ్చింది. ఆ రోజు నాంచారయ్య వలల పని మీద గుంటూరు వెళ్ళి ఉన్నాడు. తిరిగొచ్చేసరికి ఇల్లు లేదు, భార్య లేదు. మూడోనాడు ఆమె శవం కంపచెట్లలో దొరికింది. పిల్ల దొరకలేదు. ఎవరో పిల్లని తాటిదుంగ పట్టుకుని కొట్టుకుపోతుంటే చూశామన్నారు. ఆ ఒక్క మాట పట్టుకుని అతను స్టూడియో మెట్లెక్కాడు. ఇంట్లో ఫొటో నీళ్ళపాలైంది, మాస్టారి దగ్గర నెగెటివు ఉంది.

మాస్టారు తిండి మానేసి నలభై కాపీలు వేశారు. నాంచారయ్యకి చదువు రాదు గనక, ఒక్కొక్కదాని వెనక ఆయనే తన చేత్తో రాశారు: పిల్ల పేరు, తండ్రి పేరు, ఊరు, వయసు. సాయానికొచ్చిన కుర్రవాళ్ళు ఆ ఫొటోలు పట్టుకుని లారీలెక్కి, శిబిరాలకీ ఆసుపత్రులకీ పంచారు. నాంచారయ్య తానూ కాలినడకన శిబిరం శిబిరం తిరిగాడు. తిరిగినచోటల్లా మచ్చ సంగతి నోటితో చెప్పుకున్నాడు. కానీ ఒక్క మనిషి ఎన్ని చోట్లకని వెళ్ళగలడు?

నెల దాటాక, జిల్లాలో ఒక పెద్దాసుపత్రిలో అనాథ శవాల ఫొటోలు ఆల్బంగా పెట్టారని తెలిసింది. ఇద్దరూ కలిసి వెళ్ళారు. నాలుగు పేజీలు తిప్పేసరికి మల్లేశ్వరి కనిపించింది. ఎవరో ఊరూ పేరూ తెలియని ఫొటోగ్రాఫరు, లెన్సు మీద ఏమీ లేకుండా, కిటికీ వెలుతురులో తీసింది. కళ్ళు మూసి ఉన్నాయి. చెంప మీద మచ్చ ముదురుగా, అంచులతో సహా పడింది.

వార్డు ఆయాని పిలిపించారు. పిల్లని తాటిదుంగతో సహా పడవవాళ్ళు తెచ్చారనీ, మాట పడిపోయిందనీ, పదకొండు రోజులు బతికిందనీ ఆమె చెప్పింది. బీరువాలోంచి ఇంకో ఫొటో తీసి చూపించింది. వెనక మాస్టారి దస్తూరీ.

"పిల్ల ఇక్కడ చేరిన ఎనిమిదో రోజునే ఇది వచ్చిందయ్యా. మంచం పక్కన పెట్టి నేనూ నర్సమ్మా ఇద్దరం చూశాం. మూతీ ముక్కూ అదే అనిపించింది. కానీ ఫొటోలో పిల్లకి మచ్చ లేదుగా అని లోపల పెట్టేశాం," అంది.

పిల్లకి చూపించారా అని మాస్టారు అడగబోయి ఆగిపోయారు. అడిగి ఉంటే ఏం చెప్పేదో ఈనాటికీ తెలియదన్నారు. అప్పుడు తనకి భయమేసిందనీ, తండ్రి పక్కనే నిలబడి ఉన్నాడనీ చెప్పారు.

తిరుగు బస్సులో చాలాదూరం వచ్చాక నాంచారయ్య అడిగాడు.

"బాబుగారూ, పొటో ఎనకాల ఏం రాశారు?"

"పేరు, ఊరు, వయసు."

"మచ్చ సంగతి రాయలేదా?"

"లేదు నాంచారయ్యా. ఫొటో ఉందిగదా అనుకున్నాను."

అతను తల ఊపి కిటికీలోంచి చూస్తూ కూచున్నాడు. బస్సు దిగేటప్పుడు మాత్రం, "మీరేం జేత్తారు లెండి. ఆ పొటో జూసి మేవూ మురిసినోళ్ళమే," అన్నాడు. తిట్టినా కొట్టినా తాను బాగుపడేవాణ్ణేమో అన్నారు మాస్టారు.

పదిరోజుల తరవాత అతను మళ్ళీ వచ్చాడు. పిల్ల కళ్ళు తెరిచి ఉన్న ఫొటో ఆ పాతదొక్కటే. దాంట్లో మచ్చ పెట్టమని అడిగాడు. నెగెటివులో ఉంటే ఎంత పలచగా ఉన్నా డార్కురూములో లాగొచ్చు. అక్కడ లేదు. ఫిల్ము మీద పడనిది కాగితం మీదికి రాదు. అందుకని మాస్టారు ఫొటోల మీద చుక్కలు దిద్దే సన్న కుంచె తీసి, ఆసుపత్రివాళ్ళు తండ్రికిచ్చేసిన ఆల్బం ఫొటో పక్కన పెట్టుకుని, చేత్తో దిద్దడం మొదలుపెట్టారు. ఆ ఫొటోలో పిల్ల తల పక్కకి వాలి ఉంది, దీంట్లో నిటారుగా ఉంది, కొలత కుదరలేదు. నాంచారయ్య ఎదురుగా కూచుని తన చెంప మీద వేలు పెట్టి చూపిస్తూ, కొంచెం కిందికి, ఇంకొంచెం చెవి దగ్గరికి అని చెప్పాడు. ఒకటి పాడైతే ఇంకొకటి. పొద్దున కూచున్నవాళ్ళు సాయంత్రం దాకా లేవలేదు. ఏడోది చూసి నాంచారయ్య దాన్ని మెల్లగా బల్లమీద పెట్టేశాడు.

"వద్దులే బాబుగారూ. ఈ పిల్ల ఎవరో," అన్నాడు. కళ్ళు మూసుకున్న ఫొటోని తువ్వాల్లో చుట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

ఇంతవరకూ చెప్పి మాస్టారు డబ్బా మూత తీశారు. పైన గుడ్డముక్కలో ఎర్ర ఫిల్టరు ఉంది. కింద ఏడు ఫొటోలు. ఒకే పిల్ల, ఒకే చూపు. మచ్చ మాత్రం ఒక్కొక్కదాంట్లో ఒక్కోచోట ఉంది. మేం ఒకరి చేతిలోంచి ఒకరు తీసుకుని చూశాం. నేను రెండోది చూసేసరికి నాకు మిగతావి చూడబుద్ధి కాలేదు. సుగుణరావు ఏడూ చూశాడు. చూసి వరసగా పేర్చి, ఆయన ముందు పెట్టి, తన ఫిల్టర్ల పెట్టె మీద రెండు చేతులూ వేసుకుని కూచున్నాడు.

మాస్టారు ఫిల్టరుని గుడ్డతో తుడిచి, కిటికీ వెలుతురుకి ఎత్తి ఒకసారి చూసి, మళ్ళీ డబ్బాలో పెట్టారు.

"మూడు స్టాపులు పెంచాలి," అన్నారు. "నువ్వడిగింది అదొక్కటే కదూ?"